మూగపలకకు అయస్కాంతపు చెవి

ఈ మాసము మాకు వచ్చిన జాబులలో ఊరగాయలను గుఱించినవి నాలుగు, పసిపిల్లల దగ్గును గుఱించినవి రెండు కలవు. వానికి వచ్చు సంచికలో బదులు వ్రాయుదుము. కోస్తా జిల్లా సోదరి యొకరు పంపిన జాబు మాత్రము వేచియుండదగినది కాదని తోచినది గావున ఈ పుటలను దానికే వినియోగించుచున్నాము.

ఆమె కుమార్తెకు పదాఱేండ్లు. ఆ బాలిక తన తాతగారితో కూడి పాత యింటి టేకు తలుపు పలకతో ఒక గిటారు చేసినది. తాతగారు వడ్రంగులు కారు. ఉద్యోగము విరమించిన పిదప కొయ్యపని వేడుకగా నేర్చినవారు. తాతయు మనుమరాలును పదునాలుగు నెలలు వసారాలో కూర్చుండి పలక కోసి, చిత్రికపట్టి, మెడ అతికి, మెట్లు దిగగొట్టి, తీగెలు బిగించిరి. పికప్పు అమర్చుట యొక్కటియే మిగిలెను. ఇంతలో గడచిన ఆశ్వయుజమున తాతగారు కాలము చేసిరి. తెప్పించిన పికప్పు డబ్బా విప్పకయే బీరువాలో నున్నది. ఎచ్చట తొలువవలెనో తాతగారు పెన్సిలుతో గీచిన దీర్ఘచతురస్రము పలకమీద అట్లే యున్నది. అచ్చట ఉలి పెట్టుటకు బాలికకు చేతులాడుట లేదట. బంధువులలో కొందఱు దానిని జ్ఞాపకముగా గోడకు తగిలింపుడనుచున్నారు. మఱికొందఱు ఆడపిల్లకు కాలెడు కడ్డీలు, కరెంటు వైర్లు ఏల, దుకాణములో క్రొత్తది కొనియిండు అనుచున్నారు. “అక్కగారూ, తొలువకుండ అమర్చు మార్గము కలదా? మా పిల్లచేత ఈ పని చేయింపవచ్చునా?” అని ఆ సోదరి ప్రశ్న.

మొదట ఆ పలక యేల మూగగా నున్నదో చెప్పుదుము. వీణకు కుండ కలదు. తీగె కదలిక ఆ బోలు కొయ్యలోనికి దిగి, లోని గాలిని కదలించి, పెద్దదై వెలికి వచ్చును. తలుపు పలకలో బోలు లేదు. తీగెను ఎంత గట్టిగా మీటినను దోమ పాడినట్లు వాయించువారికే వినబడును గాని ప్రక్కగదిలోనివారికి తెలియదు. ఇందు తాతగారి పనితనమునకు లోపమేమియు లేదు. బోలులేని గిటారు లోకమున నెల్లయెడల నిట్లే యుండును.

పికప్పనునది అట్టి పలకకు అమర్చెడు చెవి. అయితే దానికి గాలిలోని ధ్వని వినబడదు, ఇనుము కదలిక మాత్రమే తెలియును. ఈ సోదరి వ్రాసిన రకములో ఆఱు తీగెలకు ఆఱు అయస్కాంతపు కడ్డీలు నిలిచియుండును. వాని చుట్టును వెండ్రుకవలె సన్నని రాగితీగను, సుమారు 0.06 మిల్లీమీటర్ల మందము గలదానిని, ఏడెనిమిది వేల చుట్లు చుట్టియుందురు. పైనున్న ఉక్కు తీగె ఊగినపుడు అయస్కాంతశక్తి ఆ యూపుననుసరించి హెచ్చుచు తగ్గుచు నుండును. ఆ హెచ్చుతగ్గులు రాగిచుట్టలో మిక్కిలి స్వల్పమగు విద్యుత్తును పుట్టించును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమిదియే. మా యింటివారు కాగితపు గొట్టముపై చుట్టిన తీగతోడను ఒక అయస్కాంతముతోడను పదవ తరగతివారికి ఏటేట దీనిని చూపుచుందురు. తీగె సెకనునకు 440 మాఱు లూగిన, విద్యుత్తును 440 మాఱులే అటునిటు ఊగును. దానిని ఆంప్లిఫయరు పెంచి, స్పీకరు మరల ధ్వనిగా మార్చును.

కావున తీగెలు ఉక్కువి గాని నికెలు చుట్టినవి గాని కావలెను. నైలాను తీగెల క్రింద పికప్పు చెవిటిది. కంచు చుట్టిన తీగెలలో లోని ఉక్కు నరము మాత్రమే దానికి వినబడును గావున ఆ తీగెలు తక్కినవానికంటె బలహీనముగా పలుకును. కుట్టుపెట్టెలో గుండుసూదులేరుటకు పెట్టుకొను అయస్కాంతముండినచో దానిని తీగెల దగ్గఱకు చేర్చి చూచిన ఈ పరీక్ష నిమిషములో తీరును.

ఇక ఇది ఆడవారి పనియా యను మాటకు వత్తము. విద్యుత్ గిటారు పుట్టుకయే గృహోపకరణముల నడుమ జరిగినది. 1931లో కాలిఫోర్నియాలో జార్జి బోషాం అను వాదకుడు తన యింటిలో కూర్చుండి పికప్పునకు చుట్ట చుట్టుటకు బట్టలుతుకు యంత్రపు మోటారును వాడెను. అతనికి తోడ్పడిన పాల్ బార్త్ కుట్టుమిషను మోటారును గూడ వాడితిమని చెప్పెను. ఆ గిటారు గుండ్రని పొట్టయు పొడవైన మెడయు గలదై యుండుటచే దానికి ‘పెనము’ అను అర్థము గల పేరే స్థిరపడినది. దానిని ఒడిలో పరుండబెట్టుకొని, మన గోటువాద్యమువలె తీగెలపై కడ్డీ జార్చి వాయించెడివారు. పెనము, కుట్టుమిషను, బట్టలుతుకు యంత్రము చేరి పుట్టించిన వాద్యమును పట్టుకొని ఆడపిల్లకేల యనుట మాకు వింతగా నున్నది.

అంతియకాదు. అదే రాష్ట్రమున లియో ఫెండరు కర్మాగారములో 1956లో పనికి చేరిన అబిగెయిల్ ఇబారా యను ఆమె 2013లో విరమించువఱకు పికప్పు చుట్టలు చుట్టుటలో పేరుపొందెను. ఆమె చేతిమీదుగా వచ్చిన పికప్పులను వాదకులు వెదకి కొనుచుందురు. వెండ్రుకవంటి తీగను తెగకుండ, వదులుగాకుండ, మరీ బిగియకుండ వేలమాఱులు త్రిప్పుటకు వలసిన చేయి ఎట్టిదో అల్లికపని యెఱిగిన మన పాఠకురాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సంగీతమున స్త్రీల పెద్దఱికము మనకు క్రొత్తదియు గాదు. కళాపూర్ణోదయమున నారదుడంతటివాడు తుంబురునిమీది పంతముతో గానవిద్య నేర్వబోయి, శ్రీకృష్ణుని రాణుల యొద్దనే శిష్యుడయ్యెను గదా.

తాతయు మనుమరాలును చేసిన గిటారు ముచ్చట వినగానే మాకు ఇంగ్లండులో తండ్రికొడుకులు చేసిన గిటారు జ్ఞప్తికి వచ్చినది. 1963లో బ్రయన్ మే యను బాలుడు, వయస్సు పదాఱే, విద్యుత్ గిటారు కొనగల స్థోమతు లేక తండ్రి హెరాల్డుతో కలిసి ఇంటనే చేయ మొదలిడెను. మెడకు పాత పొయ్యిగూటి పైచట్టపు కొయ్య, అదియు పురుగు తొలిచినది. ఆ బెజ్జములను అగ్గిపుల్లలతో పూడ్చిరి. పొట్టలో కొంత పాత బల్లకొయ్య. తీగెలను సడలించు చిడత క్రింది స్ప్రింగులు పాత మోటారుసైకిలువి. ఆ చిడత కొనకు తల్లి అల్లికసూది ముక్క. మెట్ల నడుమ గుఱుతులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. తండ్రికొడుకుల గిటారని లోకము చెప్పుకొనును గాని, ఆ గుండీలు ఇచ్చిన తల్లిని తలచువారు తక్కువ.

మన ప్రశ్నకు కావలసినది ఆ గిటారు పికప్పుల సంగతి. బ్రయన్ మొదట వానిని తానే అయస్కాంతములు కొని, తీగ చుట్టి చేసెను. అవి పలికెను. అయితే తీగెను ప్రక్కకు లాగి గమకమువలె వాయించునపుడు ఒక వికారపు రొద వచ్చెడిది. అయస్కాంతముల ఉత్తర దక్షిణ ధ్రువములు అమరిన తీరు దానికి కారణము. పిదప అంగడిలో బర్న్స్ వారి పికప్పులు మూడు కొని, అవి కీచుమనకుండ అరాల్డైటు జిగురు పోసి బిగించెను. చేతితో చేసిన వాద్యములో కొన్న పికప్పు పెట్టుట వలన ఆ గిటారు ఇంటిపని కాకపోలేదు. 2002లో ఇంగ్లండు రాణి సింహాసనారోహణ స్వర్ణోత్సవమున బకింగ్‌హాం రాజభవనపు మిద్దెపై నిలిచి ఆయన వాయించినది ఆ గిటారే. బీరువాలోని అంగడి పికప్పును చూచి ‘ఇది మా తాత చేసినది కాదే’ యని ఆ బాలిక సంకోచించుచున్నచో ఈ మాట చెప్పవలెను.

తొలువకుండ అమర్చుట కుదురునా? కుదురును. పలకను తాకక, మెడకొనకో తీగెల ప్రక్కనుండు ఱేకుకో పట్టియుండు సన్నని పికప్పులు కలవు. కోటు పొట్టవలె పైకుబికిన గిటార్లకు వానిని చిరకాలముగా వాడుచున్నారు. తీగెకును కొయ్యకును నడుమ సందెంతయో కొలిచి, దానికంటె కనీసము 3 మిల్లీమీటర్లు పలుచనైనదానిని తెప్పింపవలెను. వాల్యూము కంట్రోలును, జాకును ఆ ఱేకునకే బిగింపవచ్చును. కొయ్యకు గాయముండదు. బాలిక మనసు ఈ మార్గమునే కోరినచో నిందింపదగినదేమియు లేదు.

అయినను మా అభిప్రాయము వేఱు. ఆ జాబును మేము రెండుమాఱులు చదివితిమి. తాతగారు గీత గీచిరి. జ్ఞాపకముగా గోడకు తగిలింపదలచినవారు తొలువుటకు గీత గీయరు. ఆ వృద్ధులు పలకయందు మిగిల్చిన చివరి మాట అదియే. తరువాతి పని యేదో, ఎచ్చటనో, ఎంత మేరయో మనుమరాలికి చెప్పిపోయిన మాట. గీతను కాపాడుటకై పనిని ఆపినచో ఆయన చెప్పిన మాటను వినక, వ్రాతను మాత్రము దాచుకొన్నట్లగును. తొలువుమనియే మేము చెప్పుదుము. అయితే ఉలి పట్టవలసినది బాలికయే గాని మేనమామలు కారు; ఆమె సిద్ధపడునంతవఱకు ఎవ్వరును తొందరపెట్టరాదు. టేకు పలక చెడునది కాదు, డబ్బాలోని పికప్పును చెడదు.

తొలుచుటకు ముందు పలుచని కాగితము నొకదానిని పలకపై పఱచి, ఆ గీతను దాని మీదికి ఎత్తి వ్రాసి, తేదీ వేసి దాచవలెను. కాగితము జరుగకుండ నాలుగు మూలల అంటుపట్టీ వేయుడు. నాలుగు గీతలలో ఏదైన ఒక వంక పోయియున్నచో అటులనే ఎత్తవలెను, దిద్దరాదు.

పిమ్మట కొలత. తాతగారి గీతయని కొలువక విడువరాదు. ఆయనయే ఉండినచో కొలువుమనియే చెప్పియుందురు. మొదటి తీగె, ఆఱవ తీగె పోవు దారిలో మెడ తలనుండి బ్రిడ్జివఱకు కుట్టుదారములు రెండు లాగి బిగింపుడు. పికప్పును గీతపై నుంచి చూడగా అంచు కడ్డీలు రెండును ఆ దారముల క్రిందికి రావలెను. బ్రిడ్జికి దగ్గఱగా నున్నచో పలుకు తీక్షణముగాను, మెడవైపునకు జరిగినచో గుండ్రముగాను ఉండును. తీగె నడిమికి పోయినకొలది దాని యూపు విశాలమగుట దీనికి హేతువు. తాతగారు ఏది కోరి ఆ చోటు గీచిరో బాలికకు దీనివలన తెలియును.

టేకు తొలుచుట సుళువు గాదు. దానిలో ఇసుకవంటి పదార్థముండుటచే ఉలి పదును త్వరగా పోవును. ఆ తలుపులో మిగిలిన ముక్క యేదైన నుండినచో మొదట దానిమీద ఒక గుంట తొలిచి చేయి కుదుర్చుకొనవలెను. తీగెలు విప్పి, మెడకు పాతచీర చుట్టుడు. డ్రిల్లు ములికికి వలసిన లోతు దగ్గఱ రంగు పట్టీ అంటించి, గీతకు లోపలగా వరుసగా బెజ్జములు వేసి, మిగిలినదానిని ఉలితో చెక్కవలెను. పికప్పు క్రిందిభాగము కంటె రెండుమూడు మిల్లీమీటర్లు లోతుండినచో దానిని మరలతో పైకి క్రిందికి జరుపుట కనుకూలించును. పొడి ముక్కులోనికి పోకుండ గుడ్డ కట్టుకొనవలెను. ఈ పని ముగియువఱకు పికప్పు డబ్బాలోనే యుండవలెను; ఆకురాయి రాల్చిన ఇనుపపొడి అయస్కాంతమునకు పట్టినచో వదలించుట మహాకష్టము.

వైర్ల సంగతి రవికె కుట్టుటకంటె తేలిక. పికప్పునుండి రెండు వైర్లు వచ్చును. ఒకటి ధ్వనిని మోయునది. అది వాల్యూము కంట్రోలునకు పోయి, అచ్చటినుండి జాకు కొనపట్టీకి చేరవలెను. రెండవది ఎర్తుది, కంట్రోలు వీపునకును, జాకు ఒరకును కలియవలెను. బ్రిడ్జి లోహమునుండి గూడ ఒక వైరు ఎర్తునకు కలుపవలెను. ఇట్టి ఒంటిచుట్ట పికప్పునకు 250 కిలోఓముల కంట్రోలు తగును. ఇంటి కరెంటు సెకనునకు 50 మాఱులు మాఱునది గావున ఒంటిచుట్ట పికప్పు కొంత ‘హుం’ అని మూల్గును. గుంట లోపల రాగిపట్టీ అంటించి ఎర్తునకు కలిపినచో ఆ మూల్గు తగ్గును. వంటయింటి అల్యూమినియము కాగితమును కొందఱు వాడుదురు. అదియు పనిచేయును గాని దానికి సోల్డరు అంటదు.

సోల్డరింగు కడ్డీ 300 డిగ్రీలు దాటి కాలును. మన పిల్లలు కాగిన నూనెలో గారెలు వేయుట నేర్చునప్పుడు మనము వెఱవము. దీనికి మాత్రమేల వెఱచుట? మా తోడికోడలి కుమారుని గిటారునకు అతుకులు మేమే వేసితిమి. పాకము చూచుటకు వలసిన ఓర్పే దీనికిని చాలును. అతుకవలసిన లోహమును ముందు వేడిచేసి, సోల్డరును ఆ లోహమునకు తాకింపవలెను. కడ్డీకి తాకించి బొట్టువలె రాల్చినచో అతుకు పైకి కనబడును గాని పట్టదు. చక్కని అతుకు నున్నగా మెఱయును. అయితే సామాన్యపు సోల్డరులో సీసముండును. వంటయింటిలోను, భోజనపు బల్లమీదను ఈ పని పెట్టుకొనరాదు. కిటికీ తెఱచి, చంటిపిల్లలను దూరముగా నుంచి, ముగిసిన వెంటనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

నిజమైన భయము ఒక్కటి కలదు. దానిని బంధువు లెవ్వరును చెప్పినట్లు లేదు. గిటారులో పుట్టు విద్యుత్తు చీమకైనను హాని చేయదు. అపాయము గోడ ప్లగ్గునుండి వచ్చును. తీగెలు ఎర్తునకు కలిసియుండునని చెప్పితిమి గదా. ఆంప్లిఫయరుకు ఎర్తు లేక లోపల కరెంటు కారుచున్నచో అది ఆ తీగెల ద్వారమున వాయించువారి చేతికి వచ్చును. ఒక చేయి తీగెలపై నుండగా పెదవి మైకునకు తాకినను ప్రమాదమే. 1972లో వేల్సు దేశపు స్వాన్సీ పట్టణమున లెస్లీ హార్వే యను గిటారువాదకుడు, సరిగా ఎర్తు లేని మైకును వేదికపై తాకి ప్రాణములు కోల్పోయెను. కావున మూడుకాళ్ల ప్లగ్గు లేని ఆంప్లిఫయరును ఇంటిలోనికి రానీయకుడు. మూడవ కాలు విఱిచి రెండు బెజ్జముల సాకెట్టులో దూర్చుట మన యిండ్లలో తఱచు చూచుచున్నాము. ఇంటి ఎర్తు పనిచేయుచున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేసి, 30 మిల్లీఆంపియర్ల లీకును పట్టి కరెంటు ఆపివేయు స్విచ్చును పెట్టింపవలెను. తడిచేతులతో, తడినేలపై వాయింపరాదు. ఈ యేర్పాటులు కాకుండ పిల్ల యెంత యేడ్చినను ప్లగ్గు పెట్టనీయకుడు.

విద్యుత్తు కలిసిన నాదము నాదమే కాదను పెద్దలు ఆ యింట నుందురేమో. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చేతిలోనిది విద్యుత్ మాండొలినే. నాలుగు జంట తీగెలకు మాఱుగా అయిదు ఒంటి తీగెలు పెట్టుకొని, ఆ వాద్యముపై కర్ణాటక రాగములను గమకములతో పలికించి, 2014లో మరణించువఱకు దేశవిదేశములలో కచేరీలు చేసెను. ఆ పెద్దలను ఆయన రికార్డు నొకటి వినుమనుడు; వాదించుట యనవసరము.

తుదకు, తీగెలు బిగింపక మునుపే చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఆంప్లిఫయరును మిక్కిలి తక్కువ ధ్వనిలో పెట్టి, చిన్న స్క్రూడ్రైవరు మొనతో పికప్పు కడ్డీలను ఒక్కొక్కదానిని మెల్లగా తాకుడు. తాకినపుడెల్ల స్పీకరులో ‘టక్కు’మన్నచో అతుకులన్నియు సరిగా నున్నవి. ఏమియు వినబడనిచో పికప్పును అనుమానింపక ముందు జాకును చూడవలెను. అచ్చట రెండు వైర్లును తాఱుమాఱగుట సామాన్యము. టక్కుమన్న పిదప తీగెలు బిగించి, చివరి మెట్టుపై నొక్కి పట్టి, తీగెకును కడ్డీకిని నడుమ రెండుమూడు మిల్లీమీటర్ల సందుండునట్లు మరలు త్రిప్పవలెను. అంతకంటె దగ్గఱైనచో అయస్కాంతము తీగెను లాగి శ్రుతి చెఱచును. ఆ కొలత కుదిరిన దినమున మాకొక కార్డు వ్రాయుమని ఆ బాలికకు చెప్పవలెను.